చెట్టు చాటున స్పీడ్ గన్: ఆ చలాన్ చెల్లుతుందా?

ప్రశ్న: మాది సూర్యాపేట జిల్లా. వ్యాపారం పనుల మీద సొంత కారులో తరచు హైదరాబాదు వెళ్ళివస్తుంటాను. రెండు నెలల క్రితం హైదరాబాదు–విజయవాడ జాతీయ రహదారి మీద గంటకు 98 కిలోమీటర్ల వేగంతో వెళ్ళానని 1,035 రూపాయల చలాన్ వచ్చింది. అక్కడి పరిమితి 80 అట. ఆ చోట పోలీసులు చెట్ల చాటున స్టాండు మీద కెమెరా పెట్టుకుని ఉంటారని ఆ దారిన తిరిగేవారందరికీ తెలుసు. హెచ్చరిక బోర్డు గాని, 80 అని రాసిన బోర్డు గాని నాకు కనబడలేదు. పోర్టల్‌లో చూస్తే ఏడు నెలల కిందటి చలాన్ ఇంకొకటి బయటపడింది. దాని గురించి నాకు ఏ సందేశమూ రాలేదు, ఆ రోజు కారు నడిపింది మా బావమరిది. ఇలా దాక్కుని ఫోటోలు తీయడం చట్టబద్ధమేనా? ఇదంతా ప్రమాదాలు తగ్గించడానికా, ఖజానా నింపడానికా? రెండూ కట్టేసి ఊరుకోమంటారా, పోరాడమంటారా?

జవాబు: మీ ఉత్తరంలో ఎక్కువ భాగం చెట్టు చాటు గురించే ఉంది. మీకు ఎక్కువ నష్టం చేయగలిగినది మాత్రం చివర ఒక్క మాటలో తేల్చేసిన బావమరిది సంగతి. దానికి తరువాత వస్తాను.

వేగాన్ని కొలిచే పోలీసు అధికారి వాహనదారులకు కనబడేలా నిలబడి తీరాలని 1988 నాటి మోటారు వాహనాల చట్టంలో ఎక్కడా లేదు. చాటుగా ఉండి కొలిచినంత మాత్రాన ఆ కొలత చెల్లకుండా పోదు. వల పన్ని పట్టుకున్నారన్న వాదన కక్షిదారుల నోట తరచు వింటుంటాను గాని, న్యాయస్థానం దృష్టిలో వల పన్నడమంటే తప్పు చేసే ఉద్దేశం లేని మనిషిని పురిగొల్పి తప్పు చేయించడం. మిమ్మల్ని వేగంగా వెళ్ళమని ఆ అధికారి పురిగొల్పలేదు గదా. పైగా, సాక్ష్యాన్ని సేకరించిన తీరులో లోపమున్నా, అది విషయానికి సంబంధించినదైతే కోర్టు దానిని పరిశీలించవచ్చునని సుప్రీంకోర్టు 1973లో పూరన్ మల్ కేసులో తేల్చింది. ఆ కేసు ఆదాయపు పన్ను సోదాలది అయినా, ఆ సూత్రాన్ని ప్రాసిక్యూషన్ వారు అన్ని రకాల కేసుల్లోనూ ఉదహరిస్తుంటారు. కాబట్టి "దాక్కున్నారు" అన్న ఒక్క మాట మీద మీ కేసును నిలబెట్టవద్దు.

దాక్కోవడం తప్పు కాకపోయినా, నిఘా ఉందని ముందుగా తెలియజేయకపోవడం మాత్రం లోపమే. 2019 సవరణతో చట్టంలోకి వచ్చిన 136ఎ సెక్షన్ రోడ్ల మీద ఎలక్ట్రానిక్ నిఘా ఏర్పాటు చేయవలసిన బాధ్యతను రాష్ట్ర ప్రభుత్వాలపై పెట్టింది. దానిని అమలు పరచడానికి 2021 ఆగస్టులో కేంద్ర మోటారు వాహనాల నిబంధనలలో 167ఎ నిబంధనను చేర్చారు. స్పీడ్ కెమెరా, స్పీడ్ గన్, సీసీటీవీ, పోలీసులు ఒంటికి తగిలించుకునే కెమెరా, నంబరు ప్లేటును తనంతట తానే చదివే కెమెరా, అన్నీ దీని పరిధిలోకి వస్తాయి. ఇటువంటి పరికరం కాపు కాసే రోడ్డు భాగానికి ముందే, అక్కడ నిఘా ఉందని ప్రజలకు తెలిపే హెచ్చరిక బోర్డులు స్పష్టంగా కనబడేలా పెట్టించాలని ఆ నిబంధన చెబుతోంది. అటువంటి బోర్డు నిజంగానే లేకపోతే అది మీకు పనికివచ్చే వాదనే. కాని బోర్డు లేని చోట ఇచ్చిన చలాన్ రద్దవుతుందని నిబంధనలో రాయలేదు. దీనిని చిన్న లోపంగా తీసుకుని పక్కన పెట్టే మేజిస్ట్రేట్లూ ఉంటారు. మీ వాదనలలో దీనిని రెండో వరుసలో ఉంచండి.

మొదటి వరుసలో ఉండవలసినది వేగ పరిమితి బోర్డు. ఇక్కడ చట్టం మీకు మరింత అండగా ఉంది. గరిష్ఠ వేగం ఎంతన్నది కేంద్రం నిర్ణయిస్తుంది. ఒక ప్రత్యేకమైన రోడ్డు మీద దానిని తగ్గించాలంటే రాష్ట్ర ప్రభుత్వం గాని, అది అధికారమిచ్చిన సంస్థ గాని 112వ సెక్షన్ రెండో ఉపసెక్షన్ కింద రెండు పనులు చేయాలి. ప్రజల భద్రత వల్లనో సౌకర్యం వల్లనో, ఆ రోడ్డు లేదా వంతెన స్వభావం వల్లనో ఈ పరిమితి అవసరమని తృప్తి చెంది గెజిట్‌లో నోటిఫికేషన్ ఇవ్వాలి. 116వ సెక్షన్ ప్రకారం తగిన చోట్ల బోర్డులు పెట్టించాలి. నెల రోజులకు మించని తాత్కాలిక పరిమితికి మాత్రం గెజిట్ అక్కరలేదు. అంటే, మీ చలాన్‌లో కనిపించే 80 అన్న అంకె వెనుక ఒక నోటిఫికేషన్, రోడ్డు మీద ఒక బోర్డు ఉండాలి. హైదరాబాదు ఔటర్ రింగు రోడ్డు మీద 100గా ఉన్న పరిమితి 2023లో 120కి పెరిగినప్పుడు, ఏ వరుసలో ఎంత వేగంతో వెళ్ళవచ్చో కూడా ప్రత్యేకంగా ప్రకటించవలసి వచ్చింది. ఇటువంటి మార్పు బోర్డు చెబితేనే గాని వాహనదారుడికి తెలిసే దారి లేదు.

అందుచేత ఈ వారమే వీలు చేసుకుని ఆ చోటికి వెళ్ళి, మీరు వచ్చిన దిశ నుంచే, చలాన్‌లో రాసిన స్థలానికి ఒకటి రెండు కిలోమీటర్ల ముందు నుంచి రోడ్డును వీడియో తీయండి. నడిపేవారు వేరు, తీసేవారు వేరుగా ఉండాలని వేరే చెప్పనక్కరలేదు. బోర్డు అసలు లేకపోవడం ఒక రకం, ఉండి కనబడకపోవడం ఇంకొక రకం. ఎర్ర వలయం సగం వేప కొమ్మల్లోకి పోయి, మిగిలిన సగం మీద ఎవరిదో పుట్టినరోజు ఫ్లెక్సీ వేలాడుతున్న బోర్డులు మన రహదారుల మీద ఎన్ని లేవు? అటువంటి ఫోటో తేదీతో సహా మీ దగ్గర ఉంటే, తగిన చోట బోర్డు పెట్టామన్న మాటను ఎదుటి పక్షం నిరూపించుకోవలసి వస్తుంది. ఆలస్యం చేస్తే కొమ్మలు కొట్టేస్తారు, కొత్త బోర్డూ పెట్టేస్తారు. అప్పుడు మీ మాటకు ఆధారం ఉండదు.

ఇక కొలత సంగతి. ఫలానా వాహనం అతివేగంగా వెళ్ళిందని ఒక్క సాక్షి తన అభిప్రాయంగా చెబితే, ఆ అభిప్రాయానికి యాంత్రిక లేదా ఎలక్ట్రానిక్ పరికరం ద్వారా వచ్చిన అంచనా ఆధారంగా ఉంటే తప్ప, ఆ ఒక్క సాక్ష్యం మీద శిక్ష వేయకూడదని 183వ సెక్షన్ మూడో ఉపసెక్షన్ స్పష్టం చేస్తోంది. హెల్మెట్ లేదని కానిస్టేబుల్ సెల్‌ఫోన్‌తో తీసిన ఫోటో మాట ఏమైనా, అతివేగాన్ని మాత్రం మామూలు ఫోటో నిరూపించలేదు. మీ విషయంలో వాడినది స్టాండు మీది లేజర్ గన్ కావచ్చు. పోర్టల్‌లోని ఫోటోను పెద్దది చేసి చూడండి: గురి చూపే గుర్తు ఏ వాహనం మీద ఉంది, పక్కనే ఇంకొక వాహనం ఉందా, కొలిచిన వేగం, పరిమితి, దూరం, తేదీ, సమయం, స్థలం అన్నీ ఉన్నాయా, నంబరు చదవగలిగేలా ఉందా అన్నవి గమనించండి. రాడార్ కిరణం వెడల్పుగా వ్యాపిస్తుంది కాబట్టి పక్క వాహనం గొడవ దానితోనే ఎక్కువ. లేజర్ సన్నగా ఒక్క వాహనం మీద పడుతుంది. రోడ్డు పక్కనుంచి ఏటవాలుగా కొలిచారు కాబట్టి లెక్క తప్పిందని కొందరు వాదిస్తుంటారు. ఆ వాదన చేయకండి. ఏటవాలు కోణం వల్ల అసలు వేగం కంటే తక్కువే నమోదవుతుంది. కోర్టులో ఎవరైనా ఆ లెక్క విప్పితే నవ్వులపాలయ్యేది మనమే.

పరికరం సరిగా పనిచేస్తోందని రాష్ట్ర ప్రభుత్వం నియమించిన అధికారి ఇచ్చిన ఆమోద పత్రం ఉండాలని, దానిని ఏటేటా పునరుద్ధరించాలని 167ఎ నిబంధన కోరుతోంది. వేగం కొలిచే రాడార్ పరికరాలకు తూనికలు కొలతల శాఖ తనిఖీ, ముద్ర అవసరమంటూ కేంద్రం తెచ్చిన నియమాలు 2025 జూలై 1 నుంచి అమలులోకి వచ్చాయి. చలాన్‌తో పాటు స్పష్టమైన ఫోటో, పరికరం చూపిన కొలత, తేదీ, సమయం, స్థలం, ఉల్లంఘించిన సెక్షన్, వీటన్నిటితో బాటు ఎలక్ట్రానిక్ రికార్డును ధ్రువపరిచే సర్టిఫికెట్ కూడా ఉండాలి. నిబంధన రాసిన నాటికి అది సాక్ష్య చట్టం 65బి సర్టిఫికెట్. 2024 జూలై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియంలో 63వ సెక్షన్ దాని స్థానంలోకి వచ్చింది. ఈ సర్టిఫికెట్ లేని ఎలక్ట్రానిక్ ప్రతిని సాక్ష్యంగా తీసుకోవడానికి వీల్లేదని సుప్రీంకోర్టు 2020లో అర్జున్ పండిత్‌రావ్ ఖోట్కర్ కేసులో గట్టిగా చెప్పింది. నేను చూసిన చలాన్లలో ఫోటో, అంకెలు ఉంటున్నాయి గాని ఈ సర్టిఫికెట్ అరుదుగా కనిపిస్తోంది. పోరాడే ఉద్దేశం ఉన్నవారికి పరిమితి బోర్డు తరువాత గట్టి ఆధారం ఇదే.

ఇప్పుడు బావమరిది చలాన్ దగ్గరకు వద్దాం. "వెయ్యి రూపాయలే గదా, ఎవరు నడిపితేనేం, కట్టేద్దాం" అని మీకు అనిపించడం సహజం. కాని 183వ సెక్షన్ కింద శిక్ష వాహనానికి పడదు, నడిపిన మనిషికి పడుతుంది. యజమాని తన ఉద్యోగి చేత లేదా తన అధీనంలోని మనిషి చేత అతివేగంగా నడిపిస్తే యజమానికీ పడుతుంది. కారుకు జరిమానా 1,000 నుంచి 2,000 రూపాయల దాకా ఉంటుంది. మీరు కట్టవలసిన 1,035లో 35 వినియోగ రుసుము, మిగిలినది జరిమానా. రెండోసారి గాని, ఆ తరువాత గాని అదే నేరం చేస్తే మాత్రం డ్రైవింగ్ లైసెన్సును స్వాధీనం చేసుకుని 206వ సెక్షన్ కింద చర్యకు పంపవచ్చు. డబ్బు కట్టి రాజీ చేసుకుంటే పాతది తుడిచిపెట్టుకుపోతుందని చాలామంది భ్రమ. 2019 సవరణ 200వ సెక్షన్‌కు చేర్చిన షరతుల ప్రకారం, రాజీ చేసుకున్న నేరాన్ని కూడా తరువాతి లెక్కకు మొదటి నేరంగానే పరిగణిస్తారు. రాజీ వల్ల లైసెన్సు మీద చర్య ఆగదు. అంటే బావమరిది వేగానికి మీరు మౌనంగా డబ్బు కడితే, మీ 98 కిలోమీటర్లు మీ రెండో నేరంగా మారే వీలుంది.

కాబట్టి ఆ చలాన్‌ను మీ పేరు మీద కట్టకండి. ఆ రోజు కారు ఎవరు నడిపారో చెప్పమని పోలీసు అధికారి అడిగినప్పుడు చెప్పవలసిన బాధ్యతను 133వ సెక్షన్ యజమానిపై పెట్టింది. ఆ పేరు, చిరునామా రాతపూర్వకంగా ఇచ్చి, ఇచ్చినట్టు రసీదు తీసుకోండి. నిజంగా ఆయన నడిపితేనే ఇవ్వండి సుమా. లైసెన్సు కాపాడుకోవడానికి ఇంట్లో ఎవరో ఒకరి పేరు రాసేయడం కొన్ని కుటుంబాల్లో అలవాటుగా మారింది. ప్రభుత్వాధికారికి తెలిసి తప్పుడు సమాచారం ఇవ్వడం వేరే నేరం, చలాన్ కంటే బరువైనది.

ఈ పాత చలాన్‌లో కాలపరిమితి ప్రశ్న కూడా ఉంది. జరిమానా మాత్రమే విధించగల నేరాన్ని, అది జరిగిన నాటి నుంచి 6 నెలలు దాటాక కోర్టు విచారణకు స్వీకరించరాదని భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 514వ సెక్షన్ చెబుతోంది. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో ఇది 468వ సెక్షన్. ఏడు నెలలైనా కేసు కోర్టుకు వెళ్ళకపోతే ఈ అభ్యంతరం లేవనెత్తవచ్చు. అయితే, తగిన కారణం చూపిస్తే ఆలస్యాన్ని మన్నించే అధికారం కోర్టుకు ఉంది. అదీగాక, నేరం చేసినది ఎవరో తెలియనప్పుడు ఆ మనిషి ఎవరన్నది తెలిసిన రోజు నుంచే గడువు లెక్కిస్తారు. అంటే మీరు బావమరిది పేరు చెప్పిన రోజు నుంచి ఆయన మీద గడువు మొదలైందని పోలీసులు వాదించవచ్చు. ఇంట్లో ఈ సంగతి ముందే మాట్లాడుకోవడం మంచిది. కోర్టు గడువు దాటినంత మాత్రాన పోర్టల్ నుంచి చలాన్ దానంతట అది చెరిగిపోదు. కారు అమ్మబోయేటప్పుడు కొనేవారు మొదట చూసేది ఆ పేజీనే.

ఇదంతా ఖజానా కోసమేనా అన్న మీ ప్రశ్న న్యాయవాదిని అడగవలసినది కాకపోయినా, జవాబు దాటవేయను. కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వారిలో 71 శాతానికి పైగా మరణాలకు అతివేగమే కారణంగా నమోదైంది. పోలీసులు పెట్టే పద్దు కాబట్టి ఏ ప్రమాదానికైనా అతివేగం అని రాసేయడం సులువన్నది నిజమే, అయినా ఆ అంకెను కొట్టిపారేయలేము. మరోవైపు, వాహనదారుల కోపం కూడా గాలిలోంచి పుట్టలేదు. ఊరి మలుపు దగ్గర, బడి ముందు, డివైడర్ చీల్చి యూటర్న్ తీసుకునే చోట కెమెరా ఉండదు. తిన్నగా ఉన్న రోడ్డు మీద, బండి దానంతట అదే వేగం అందుకునే పల్లం దగ్గర ఉంటుంది. 2023 డిసెంబరులో తెలంగాణలో పెండింగు చలాన్ల మీద ద్విచక్ర వాహనాలకు 80 శాతం, కార్లు, లారీలకు 60 శాతం రాయితీ ప్రకటించినప్పుడు, సకాలంలో పూర్తి సొమ్ము కట్టినవారు తెల్లబోయారు. అది శిక్ష అయితే బేరం ఉండకూడదు, బకాయి అయితే శిక్ష అనకూడదు. ఆ రాయితీ మళ్ళీ వస్తుందని కాచుకుని కూర్చోవడం మాత్రం, పైన చెప్పిన లైసెన్సు కారణం చేత, మీకు తగదు.

ఈ కోపానికి చట్టంలోనే ఒక దారి ఉంది. పరికరాలను ప్రమాదాల ముప్పు ఎక్కువగా ఉన్న, రద్దీ ఎక్కువగా ఉన్న రహదారి భాగాల్లో, ముఖ్యమైన కూడళ్ళలో పెట్టాలని 167ఎ నిబంధనే చెబుతోంది. రాజశేఖరన్ కేసులో సుప్రీంకోర్టు 2024లో రాష్ట్రాలను అమలు చేయమన్నదీ ఈ నిబంధననే. కనుక సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల రుసుముతో ఒక దరఖాస్తు పెట్టండి. ఆ స్థలంలో 80 పరిమితి విధించిన గెజిట్ నోటిఫికేషన్ ప్రతి, బోర్డు పెట్టిన తేదీ, ఆ రోజు వాడిన పరికరపు ఆమోద పత్రం, ఆ చోటును ఎంచుకోవడానికి ఆధారమైన ప్రమాదాల వివరాలు అడగండి. మామూలుగా 30 రోజుల్లో జవాబు రావాలి. చెట్టు చాటు గురించి చేసే ఫిర్యాదు కంటే ఈ కాగితం మీకు ఎక్కువ పనిచేస్తుంది.

పోరాటం ఎలాగన్నది చివరి మాట. ముందుగా చలాన్ పోర్టల్‌లోనే అభ్యంతరం నమోదు చేసి, ఫోటోలు జతపరచి, ఆ నమోదు సంఖ్యను దాచుకోండి. అక్కడ కనిపించే గడువును దాటనివ్వకండి. అక్కడ తేలకపోతే కేసు మేజిస్ట్రేట్ ముందుకు వెళుతుంది. నేరం ఒప్పుకోనని మీరు చెబితే, వేగాన్ని, పరిమితిని, పరికరాన్ని నిరూపించవలసిన భారం ప్రాసిక్యూషన్‌ది. ఓడిపోతే జరిమానా 2,000 దాకా పోవచ్చు. మీ రాకపోకలు, పోగొట్టుకునే పనిరోజులు దానికి అదనం. బోర్డు ఉందని మీ వీడియోలోనే తేలితే 98 చలాన్ కట్టేయమనే నా సలహా. బోర్డు లేకపోయినా, నోటిఫికేషన్ లేదని జవాబు వచ్చినా, వెయ్యి రూపాయల కేసైనా నడపదగినదే.

పాత చలాన్ సమాచారం మీకు రాలేదన్నారు. నేరం జరిగిన 15 రోజుల లోపు నోటీసు పంపాలని నిబంధన. కాని అది వెళ్ళేది ఆర్సీలో నమోదైన ఫోన్ నంబరుకు, చిరునామాకు. ఆ నంబరు మీరు కారు కొన్నప్పటిదై, ఇప్పుడు వాడకంలో లేనిదైతే, నోటీసు అందలేదన్న వాదన మీ చేతిలో నిలవదు. వాదనకు దిగే ముందే రవాణా శాఖ పోర్టల్‌లో ఆర్సీ తెరిచి, అక్కడున్న నంబరు ఎవరిదో చూసుకోండి.